నూఱు పాటలు కూర్చిన తేయికా

ఆటలో పాటను కలుపుకొనుట అన్ని దేశముల బాలబాలికలకును సహజమే. మన యిండ్లలో సెలవుదినములందు పిల్లలు రెండు పక్షములుగా కూర్చుండి, ఒకరు ముగించిన యక్షరముతో మఱియొకరు పద్యమునో పాటనో యెత్తుకొను అంత్యాక్షరిని మన చదువరు లందఱు నెఱుగుదురు. జపాను దేశపు పిల్లలకును ఇట్టి యాట యొకటి కలదు. దానికి షిరితోరి యని పేరు. తోకను పట్టుకొనుట యని స్థూలముగా దాని యర్థము. ఒకరు చెప్పిన మాట యే యక్షరముతో ముగిసినదో, ఆ యక్షరముతో మొదలగు మాటను తరువాతివారు చెప్పవలయును. నకారపు పొల్లుతో మొదలగు మాట ఆ భాషలో లేదు గనుక, పరాకున నట్టి పొల్లుతో ముగియు మాటను పలికినవా రోడిపోవుదురు.

అక్షరమును పట్టుకొని యాడు ఆటలలో ఇంతకంటె గౌరవము పొందినది మఱియొకటి ఆ దేశమున కలదు. దాని పేరు కరుతా. పదునాఱవ శతాబ్దమున ఓడలపై వచ్చిన పోర్చుగీసు వర్తకులు చీట్లపేకను జపానునకు తెచ్చిరి. చీటికి వారు వాడిన మాటయే జపానీయుల నోట కరుతా యయ్యెను. ఈ యాటకు నూఱు పాటలు, రెండువందల చీట్లు. నూఱు చీట్లపై పాట పూర్తిగా నుండును. తక్కిన నూటిపై ఒక్కొక్క పాటయొక్క కడపటి రెండు పాదములు మాత్రమే యుండును. ఈ రెండవ తెగ చీట్లను చాపపై పఱచి ఆటగాండ్రు చుట్టును కూర్చుందురు. ఒకరు మొదటి తెగనుండి చీటి తీసి పాటను ఆరంభమునుండి రాగముతో చదువుదురు. ఆ పాట తుదిపాదము లున్న చీటిని ముందుగా నెవరు తాకుదురో, ఆ చీటి వారిది.

పాట యంతయు కంఠస్థమై యున్నవారు తుదివఱకు వేచియుండరు. మొదటి యక్షరములు చెవిని పడగానే చేయి చాతురు. ము, సు, మె, ఫు, స, హొ, సె అను ఏడక్షరములలో నొక్కొక్కదానితో ఒక్కొక్క పాటయే మొదలగును గనుక, ఆ యేడు పాటలను ఒక్క యక్షరముతోనే గుర్తింపవచ్చును. 42 పాటలకు రెండక్షరములును, 37 పాటలకు మూడక్షరములును వినవలయును. ఆఱు పాటలకైతే ఆఱక్షరములు వినినగాని యిది యేదియో తేలదు. అకారముతోనే 16 పాటలు మొదలగుచున్నవి. ఇట్లు నూఱు పాటల తలలును తోకలును మనస్సునందు జతపఱచుకొన్నవారికే యీ యాటలో గెలుపు కలుగును.

ఈ పాటలు ఒక్కరి రచన కావు. ఏడవ శతాబ్దమునాటి తెంజీ చక్రవర్తి మొదలుకొని పదుమూడవ శతాబ్దము వఱకు జీవించిన నూర్గురు కవులవి. వారిలో 21 మంది స్త్రీలు. ఒక్కొక్కరినుండి ఒక్కొక్క పాటను ఏఱి కూర్చుటచే ఈ గ్రంథమునకు హ్యాకునిన్ ఇష్షు, అనగా నూర్గురి యొక్కొక్క పాట, అని పేరు వచ్చినది. కూర్చినవాడు ఫుజివారా నో తేయికా యని జపానీయులు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఈ తేయికా యుద్ధములు గెలిచినవాడు కాడు, శాంతస్వభావుడు కాడు, ఆరోగ్యవంతుడు నంతకంటె కాడు. అయినను ఎనిమిదివందల యేండ్ల తరువాత ఆ దేశపు పిల్లల నాలుకలపై నిలిచిన పాటలు ఆయన పేరుతో ముడివడి యున్నవి. ఇది యెట్లు జరిగెనో మే మిచట చెప్పబూనితిమి.

తేయికా 1162వ సంవత్సరమున జన్మించెను. నాటి రాజధాని నేటి క్యోటో నగరము. ఫుజివారా వంశము జపానులో పెక్కుతరములు మంత్రిపదవుల నేలిన మహావంశమే గాని, తేయికా పుట్టిన శాఖ అంత గొప్పది కాదు. ఆ శాఖకు మిగిలిన యాస్తి కవిత్వము. తండ్రి షున్జెయి (1114-1204) ఆ కాలపు కవులలో పెద్ద. రాజాజ్ఞపై సేంజైషూ అను పద్యసంకలనమును కూర్చినవాడు ఆయనయే.

జపానీయుల భాషలో ఉతా యను మాట పాటకును పద్యమునకును గూడ చెల్లును. మేము పాటలని చెప్పుచున్నవి వాకా యను చిన్ని పద్యములు. వాకాకు ఐదు పాదములు, వానిలో వరుసగా 5, 7, 5, 7, 7 అక్షరములు, మొత్తము 31. మన ఆటవెలదికంటెను చిన్నది. ఇంత చిన్న పద్యమును నాటి రాజాస్థానమున వట్టి వినోదముగా నెంచలేదు. ఉత్సవములందును, జాబులందును వాకా చెప్పవలసి యుండెను. కవులను ఎడమ పక్షము, కుడి పక్షము అని విభజించి, ఒకే విషయముపై చెరియొక పద్యము చెప్పించి, న్యాయనిర్ణేతచే గెలుపోటములు తేల్పించు పందెములు జరుగుచుండెను. మంచి వాకా చెప్పినవానికి పదవి పెరుగవచ్చును. అనుచితమైన వాకా చెప్పినవానికి ఆస్థానద్వారము మూతపడవచ్చును. ఈ రెండును తేయికాకు అనుభవమునకు వచ్చెను.

బాల్యముననే వ్యాధులు ఆతని పట్టి పీడించెను. 1175లో తట్టమ్మయు, 1177లో మశూచియు వచ్చి ప్రాణాపాయము కలిగించెను. బ్రదికి బయటపడెను గాని, దగ్గు మొదలగు బాధలు జీవితమంతయు ఆతని విడువలేదు. ఆతని దినచర్యలో రోగముల ప్రస్తావన తఱచుగా కనబడును. ఆ దినచర్యకు మెయిగెత్సుకి యని పేరు. నిర్మలచంద్రుని లిఖితము అని యర్థము. 1180 మొదలు 1235 వఱకు ఆతడు వ్రాసిన భాగములు నేటికిని మిగిలియున్నవి.

దినచర్య మొదలైన 1180వ సంవత్సరముననే తైరా, మినమోతో అను రెండు యోధవంశములకు ఘోరయుద్ధ మారంభమయ్యెను. యుద్ధపు వార్తలు చెవులు నిండుచున్నను అవి తనకు పట్టిన పనులు కావని తేయికా ఆ సంవత్సరపు పుటలో వ్రాసికొనెను. ఈ మాటను ఆతడు ముసలితనమున దిద్ది చేర్చెనని కొందఱు పండితుల మతము. ఎప్పుడు వ్రాసినను ఆతని మార్గ మదియే. 1185లో మినమోతోలు గెలిచిరి. తూర్పున కామకురా యను పట్టణమున యోధుల ప్రభుత్వము వెలసెను. రాజధానిలో చక్రవర్తియు, బిరుదులును, ఉత్సవములును మిగిలెను గాని అధికారము క్రమముగా యోధుల చేతులలోనికి జాఱెను. తేయికావంటి ఆస్థానోద్యోగులకు దూరగ్రామములనుండి రావలసిన రాబడి సరిగా చేరక యిబ్బంది కలుగుచుండెను.

ఆతనికి కోపము మెండు. 1185లో ఒకనాడు రాజభవనమున తోటి యుద్యోగి యొకడు తన్ను అవమానించెనని తేయికా దీపముతో ఆతని కొట్టెను. వెంటనే ఆస్థానమువారి పట్టికనుండి తేయికా పేరు కొట్టివేయబడెను. ముసలి తండ్రి షున్జెయి కుమారునికై ప్రాధేయపడుచు ఒక వాకా వ్రాసి పంపెను. 1186లో క్షమాపణ లభించెను. 31 అక్షరములు ఒక జీవితమును నిలువబెట్టిన సందర్భములలో నిది యొకటి.

తండ్రి ఇట్లు అడ్డుపడుట యొక్కసారితో ముగియలేదు. గోతోబా యను చక్రవర్తి 1198లో చిన్నతనముననే సింహాసనమును విడిచి, ఆ కాలపు ఆచారము ననుసరించి, పూర్వచక్రవర్తియై వెనుకనుండి పరిపాలించుచుండెను. ఆతడు బహువిద్యావంతుడు, వేట, సంగీతము, కత్తులు చేయించుట, కవిత్వము అన్నిటియందును ఆసక్తి గలవాడు. 1200లో ఆతడు కవులనుండి నూఱేసి పద్యములు కోరెను. ప్రతిపక్షుల తంత్రముచే తేయికా పేరు ఆ పట్టికలో చేరలేదు. షున్జెయి మఱల లేఖ వ్రాసెను. గోతోబా అంగీకరించెను. తేయికా సమర్పించిన నూఱు పద్యములను చదివి ఆ యువరాజప్రభువు ఆశ్చర్యపడెను. నాటినుండి తేయికాకు ఆస్థానప్రవేశము కలిగెను. అప్పటికి ఆతని వయస్సు నలువదికి చేరువ.

1201లో గోతోబా కవిత్వశాఖ నొకదానిని పునరుద్ధరించి, క్రొత్త సంకలనమును కూర్చుటకు ఆఱుగురిని నియమించెను. తేయికా వారిలో నొకడు. 1205లో సంకలనము పూర్తియైనదని విందు జరిగెను. దానికి షిన్ కొకిన్‌షూ యని పేరు. ఇరువది భాగములు, రమారమి రెండువేల పద్యములు. జపాను కవిత్వమున శిఖరప్రాయములగు గ్రంథములలో దీని నొకటిగా నేటికిని లెక్కింతురు. అయితే ఆ విందునకు తేయికా పోలేదు. ఇట్టి విందునకు పూర్వాచారము లేదని ఆతని యభ్యంతరము. విందు ముగిసిన తరువాతను గోతోబా పద్యములను తీయుచు చేర్చుచు నేండ్ల తరబడి దిద్దుచునే యుండెను. ఏది మంచి పద్యమను విషయమున ఇద్దఱిలో నెవరును తగ్గువారు కారు. ప్రభువు తన యధికారమును, కవి తన విద్యను విడువలేదు. స్నేహమున బీట అప్పుడే పడెను.

1213లో గోతోబా తన భవనపు తోటకొఱకు తేయికా యింటిలోని రెండు విల్లో చెట్లను పెఱికించి తెప్పించుకొనెను. ప్రభువున కది చిన్న పని. ఇంటివాని మనస్సునకు మాత్రము అది ముల్లైనది. ఏడేండ్లు గడచెను. 1220లో, రెండవ మాసమున, గోతోబా కుమారుడగు జున్‌తోకు చక్రవర్తి కవిసభ చేసెను. ఆ దినము తేయికా తల్లి మరణించిన తిథి. రాలేనని తేయికా విన్నవించినను మాటిమాటికి పిలుపు వచ్చెను. తుదకు ఆతడు రెండు పద్యములు వ్రాసికొని పోయెను. వానిలో నొకదానియందు విల్లో చెట్లయు, దుఃఖపు పొగయు ప్రస్తావన యుండెను. అది తన్ను నిందించుటయే యని గోతోబా గ్రహించి మండిపడెను. తేయికా ఇక కవిసభలకు రాగూడదని ఆజ్ఞ యయ్యెను. తండ్రి షున్జెయి గతించి అప్పటికి పదునాఱేండ్లు. ఈసారి అడ్డుపడువారు లేకపోయిరి.

మఱుసటి సంవత్సరము, 1221లో, గోతోబా కామకురా ప్రభుత్వమును కూలద్రోయ సైన్యమును పిలిచెను. నెలదినములలో పరాజయము సిద్ధించెను. గెలిచిన యోధులు గోతోబాను పశ్చిమ సముద్రమునందలి ఓకి దీవులకును, జున్‌తోకును సాదో ద్వీపమునకును పంపివేసిరి. ఆ తండ్రియు కుమారుడును మఱల రాజధానిని చూడలేదు. తేయికా భార్య తమ్ముడగు సైయోంజీ కింత్సునే కామకురావారి పక్షము వాడగుటచే, బహిష్కృతుడైన కవికి దశ తిరిగెను. ఆజ్ఞాపించిన ప్రభువు దీవిలోను, శిక్షింపబడినవాడు నగరములోను నుండిరి. అరువదియేండ్లు నిండబోవు తేయికా యీ సమయమును దేనికి వినియోగించెనో చూడవలసి యున్నది.

ఆతడు పుస్తకములు వ్రాసెను. అనగా ఇతరుల పుస్తకములకు ప్రతులు వ్రాసెను. కావ్యములను అచ్చువేయని యా కాలమున కావ్యము బ్రదుకుట ప్రతి వ్రాయువాని చేతిలో నుండెను. మురసకి షికిబు అను విదుషీమణి పదునొకండవ శతాబ్దారంభమున రచించిన గెంజీ కథ మిక్కిలి పెద్ద గ్రంథము. తేయికా ఇంటి స్త్రీలచే దానిని వ్రాయించి, 1225లో పూర్తిచేయించెను. నీలి అట్టల ప్రతి యని పేరొందిన యా పాఠమే తరువాతి పండితులకు ముఖ్యాధారమయ్యెను. సరషినా దినచర్య యని మఱియొక స్త్రీ వ్రాసిన గ్రంథము కలదు. నేడు దొరకు దాని ప్రతులన్నిటికిని మూలము తేయికా చేతివ్రాతయే. ఆతడా ప్రతిని వ్రాసి యుండనిచో ఆ గ్రంథము మనకు దక్కెడిది కాదు.

ప్రతులు వ్రాయునప్పుడు ఒక చిక్కు తఱచుగా నెదురయ్యెను. జపానీయుల కనా లిపిలో మన లిపియందువలెనే ఒక్కొక్క గుఱుతు ఒక పూర్ణాక్షరము. అ, ఇ, ఉ, ఎ, ఒ, పిమ్మట క వరుస అని సాగు వారి యక్షరక్రమము సంస్కృతాక్షరములను అభ్యసించిన బౌద్ధభిక్షువుల విద్యవలన ఏర్పడినదే. తేయికా కాలమునకు ఒ, వొ అను జంట నోట నొక్కటే యయ్యెను, ఇ, వి, ఎ, వె అను జంటలును అట్లే. పలుకు ఒకటి, వ్రాత రెండు. ఎవరికి తోచినట్లు వారు వ్రాయుచుండిరి. మన తెలుగున ర, ఱ అనునవి నోట నొక్కటియే యైనను వ్రాతలో భేదము పాటింపవలసి వచ్చుటవంటి చిక్కు ఇది. తేయికా కొన్నిటికి పాత ప్రతులను, కొన్నిటికి స్వరపు హెచ్చుతగ్గులను ఆధారము చేసికొని, ఏ మాట నే యక్షరముతో వ్రాయవలెనో నియమములు వ్రాసి పెట్టెను. పదునాల్గవ శతాబ్దమున గ్యోఆ యను పండితుడు వానిని విస్తరించెను. పదునేడవ శతాబ్దమున కెయిచూ యను మఱియొక పండితుడు ఇంకను ప్రాచీనగ్రంథములను శోధించి సవరణలు చూపువఱకు, కవులకు తేయికా పేరిటి నియమములే ప్రమాణమయ్యెను.

ఆతని కన్ను పుస్తకములపై మాత్రమే యుండలేదు. 1230లో వాతావరణము చెడి దేశమున గొప్ప కఱవు వచ్చినప్పుడు, ఇంటి తోటలోని మొక్కలను త్రవ్వించి అందు ధాన్యపు పైరు వేయించెను. ఆ సంవత్సరముననే ఆకాశమున అపూర్వమైన జ్యోతి యొకటి కనబడెను. పూర్వము ఇట్టి అతిథి నక్షత్రము లెప్పుడెప్పుడు వచ్చినవో జ్యోతిష్కుల వంశమువారిని అడిగి, వారిచ్చిన వివరములను దినచర్యలో చేర్చెను. వానిలో 1006, 1054, 1181 సంవత్సరములవి కలవు. 1054 నాటిది వృషభరాశిలో ఒక నక్షత్రము ప్రేలుటచే కలిగిన వెలుగు. దాని శేషమునే నేటి శాస్త్రజ్ఞులు కర్కట నీహారిక యనుచున్నారు. కవి యొకడు దాచిన పుట ఖగోళశాస్త్రజ్ఞులకు సాక్ష్యమైనది.

1232లో గోహోరికవా చక్రవర్తి మఱియొక సంకలనమును కూర్చుమని తేయికా నొక్కనినే నియమించెను. పని ముగియకముందే, 1234లో, ఆ యువచక్రవర్తి మరణించెను. దుఃఖము పట్టలేక తేయికా తనయొద్ద నున్న చిత్తుప్రతిని తోటలో తగులబెట్టెను. చక్రవర్తికి సమర్పించిన ప్రతి యొకటి దొరకుటచే పని మఱల సాగి 1235లో ముగిసెను. కాని యొక కష్టమైన షరతు తప్పలేదు. కామకురావారి యాగ్రహమునకు వెఱచి, దీవులకు పంపబడిన చక్రవర్తుల పద్యములను అందుండి తొలగింపవలసి వచ్చెను. గోతోబా గొప్ప కవి యని తేయికా యెఱుగును. ఎఱిగియు, ఆతని పేరులేని గ్రంథమును లోకమున కిచ్చెను.

అదే 1235వ సంవత్సరము, ఐదవ మాసము. తేయికా జపానీయుల లెక్కలో డెబ్బది నాల్గేండ్లవాడు, చూపు మందగించినది. మూడువందల యేండ్ల క్రిందటి కవి కి నో త్సురయుకి స్వహస్తముతో వ్రాసిన తోసా దినచర్య ఆతని కంటబడెను. రెండు దినములలో దానికంతటికి ప్రతి వ్రాసెను. తుదిభాగమున త్సురయుకి యక్షరముల రూపు ఎట్లున్నదో రాబోవువారికి తెలియుటకై, ఆ కొన్ని పంక్తులను మూలమును పోలునట్లు గీచెను. మూలప్రతి తరువాత నశించినది. తేయికా ప్రతి నేటికిని జపానులో జాతీయనిధిగా నున్నది.

ఆ మాసముననే, 27వ దినమున, తేయికా మఱియొక చిన్న పనిని దినచర్యలో వ్రాసికొనెను. ఆతని కుమారుడు తమెయియే. ఆ తమెయియే మామగారు, యోధుడుగా నుండి సన్న్యసించిన ఉత్సునోమియా యొరిత్సునా, సాగా యను చోట తన యింటి కాగితపు తలుపులపై నంటించుటకు పద్యములు వ్రాసియిమ్మని కోరెను. తెంజీ చక్రవర్తి మొదలుకొని తన కాలపు కవులగు ఇయెతకా, మసత్సునేల వఱకు ఒక్కొక్కరి పద్యమును తేయికా చతురశ్రపు కాగితములపై వ్రాసి పంపెను. సమీపముననున్న ఒగురా కొండ పేరుతో తరువాత ప్రసిద్ధికెక్కిన హ్యాకునిన్ ఇష్షుకు ఇదియే మొదలని చెప్పుదురు.

నేటి నూఱు పాటల వరుస చూడుడు. షున్జెయి పాట 83వది. తేయికా తన పాటను 97వ స్థానమున నుంచెను. 98వది ఇయెతకాది. 99వది గోతోబాది, 100వది జున్‌తోకుది. వెళ్లగొట్టిన ప్రభువును వెళ్లగొట్టబడిన కవియు ఒకరికొకరు రెండడుగుల దూరమున నున్నారు. ఈ విషయమున పండితులలో వివాదము కలదు. 1951లో హ్యాకునిన్ షూకా యను దీనిని పోలిన సంకలనమొకటి బయటపడినది. అందు 101 పద్యములు. ఈ చక్రవర్తు లిరువురి పాటలు లేవు. పైగా గోతోబా యను బిరుదనామము తేయికా మరణించిన పిమ్మట, 1242లో, నీయబడినది. కావున ఆ రెండు పాటలను తమెయియే గాని తరువాతివారు గాని చేర్చియుందురని కొందఱును, పేరు తరువాత దిద్దబడినను ఎంపిక తేయికాదే యని కొందఱును వాదింతురు. ఎవరి చేయి యైనను, ప్రభుత్వభయముచే ఒక గ్రంథమునుండి తీసివేయబడిన పేర్లు మఱియొక గ్రంథమున స్థానము పొందెను. పెద్ద సంకలనమును నేడు పండితులే చదువుదురు; తలుపులపై నంటించుట కేఱిన చిన్న కూర్పు పిల్లల చేతులలో నున్నది.

గోతోబా ఓకి దీవిలో పదునెనిమిదేండ్లు గడపెను. అచ్చటనుండియు షిన్ కొకిన్‌షూను వడబోయుచునే యుండెను. తాను వ్రాసిన కవిత్వవిమర్శలో తేయికా గర్వమును నిందించెను. ఆతని నేర్పును మాత్రము కాదనలేకపోయెను. 1239లో ఆ దీవిలోనే మరణించెను. తేయికా 1241లో, జపానీయుల లెక్కలో ఎనుబదియవ యేట, కాలధర్మము నొందెను. ఇరువురు మఱల కలిసికొననే లేదు. సందు మిగిలినది పాటల వరుసలో మాత్రమే.

తేయికా వంశమువారు తరువాత మూడు శాఖలై కలహించుకొనిరి. రెండు శాఖలు అంతరించెను. రెయిజెయి యను శాఖ నేటికిని క్యోటోలో పాతభవనముననే యుండి పూర్వుల ప్రతులను కాపాడుచున్నది. 1981లో ఆ భాండాగారమును రక్షించుటకు ధర్మసంస్థ ఏర్పడినది. తన వ్రాత మిక్కిలి వికారమని తేయికా తానే చెప్పుకొనెడివాడు. ఆ లావైన, వంకర యక్షరములనే కొన్ని శతాబ్దముల తరువాత కొబోరి ఎంషూ మొదలగు తేనీటికళాచార్యులు ఆదర్శముగా గొని అనుకరించిరి.

పాటలు చీట్లపైకి ఎక్కిన తరువాత అచ్చుపలకలవలన సామాన్యుల యిండ్లకును చేరెను. 1904లో కురొయివా రుయికో యను పత్రికాసంపాదకుడు ఆటకు నియమములు స్థిరపఱచి టోక్యోలో పందెము నడపెను. నేటి పందెమున ఇద్దఱు ఎదురెదురుగా కూర్చుందురు. నూఱింటిలో 50 చీట్లు మాత్రమే, ఒక్కొక్కరికి 25 చొప్పున, చాపపై నుండును. వాని స్థానములను మనస్సున నుంచుకొనుటకు 15 నిమిషముల గడువు. చాపపై లేని 50 పాటలను గూడ చదువుదురు. అప్పుడు తొందరపడి తప్పు చీటిని తాకినవారికి దండన. చేయి వేగమెంత యవసరమో నిగ్రహమును అంత యవసరము. మొదటి పాట తెంజీ చక్రవర్తిది గనుక, ఆతని పేరిట బివా సరస్సు నొద్ద ఓత్సు నగరమున వెలసిన ఓమీ మందిరమున ఏటేట మేటి యాటగాండ్ర పందెములు జరుగును. ఉన్నతపాఠశాలల విద్యార్థుల పందెములు 1979 నుండి జరుగుచున్నవి.

విద్యార్థులారా, పద్యములు వల్లించుట నీరసమైన పని యని మీలో కొందఱు తలంతురు. కరుతా యాడు బాలికను తలచుకొనుడు. నూఱు పాటలును ఆమె హృదయమున సిద్ధముగా నున్నవి గనుకనే ఒక్క యక్షరము ఆమెకు చాలును. కొంచెము నేర్చినవానికి ఆ యక్షరము వట్టి శబ్దము. పూర్తిగా నేర్చినవారికి అది యొక ద్వారము. తేయికాకును అంతే. ఎన్నియో వేల పద్యములను చదివి, వ్రాసి, పోల్చి చూచినవాడు గనుకనే నూర్గురినుండి నూఱు ఏఱగలిగెను. ఆతని కోపమును మన మనుకరింపనక్కఱలేదు. మందగించిన చూపుతో రెండు దినములు వంగి కూర్చుండి ఇతరుని గ్రంథమును కాపాడిన ఓర్పు మాత్రము మనకు కావలసినదే.

ఆతని 97వ పాటలో ఒక స్త్రీ సముద్రతీరమున సాయంకాలము, ఉప్పుకొఱకు కాల్చు నాచువలె తపించుచు, రాని మనుష్యునికై ఎదురుచూచును. చదువరి ఆ పాట నెత్తుకొని రెండక్షరములు పలుకగానే, చాపపై నొక చిన్న చేయి కదలును.